గలిజేరు పేజీ

"మంచి పుస్తకం ఒకటి చూసి తెచ్చియ్యి మే. ఫోన్లో చూసి పెట్టేదానికి నాకు భయంగా ఉండాది. అచ్చులో ఉంటే ధైర్యంగా పెడతాను."

అక్క ఫోన్లో అన్న మాటలివి. పెట్టడమంటే బావకి గలిజేరాకు వండి పెట్టడం. వాన పడితే చాలు, గట్ల మీద, ఇసుక నేలల్లో అడక్కుండానే పాకే మొక్క అది. మూత్రపిండాలకు అంతకు మించిన మందు లేదని ఫోన్లో ఎవరో చెబుతుంటే అక్క విన్నదట. ఒకటికి పదిసార్లు విన్నదట.

అక్కావాళ్ళది దొరవారిసత్రం దగ్గర పల్లె. బావకి మూడెకరాల వరి. ఆ ఏడాది నాట్ల సమయంలో ఆయన కాళ్ళు వాచాయి. బురదలో నిలబడ్డందుకు అనుకున్నాం. వాపు ముఖానికి ఎక్కాక నెల్లూరు తీసుకొచ్చి పరీక్షలు చేయిస్తే, మూత్రపిండాలు సగానికి పైగా పాడయ్యాయని తేలింది. డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం అన్నారు డాక్టరు గారు. ఆ "ఉన్నది" ఎన్నాళ్ళు ఉంటుందో అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. అప్పటినుంచీ అక్క దగ్గర్నుంచి ఫోన్ వస్తే చాలు, చేతిలో పని వదిలేసి మొదటి మోతకే ఎత్తేదాన్ని.

డాక్టరు గారు చెప్పిన పథ్యాన్ని నేనే పెద్ద అక్షరాలతో టైపు చేసి, లామినేషన్ చేయించి ఇచ్చాను. ఉప్పు తగ్గించాలి. కొబ్బరినీళ్ళు వద్దు. అరటిపండు వద్దు. ఆకుకూరలు వద్దు. అక్క దాన్ని వంటింట్లో పొయ్యి పైన మేకుకి తగిలించింది. మా అక్క ఒకసారి మాట పట్టిందంటే ఇక వదలదు. ఇంట్లో పచ్చడికి కూడా కొబ్బరికాయ కొట్టడం మానేసింది. పెరట్లో పచ్చగా ఎదిగిన తోటకూర మడిని, బావ కళ్ళెదుట ఉంటే ఆశపడతాడని, వేళ్ళతో సహా పీకి గేదెకి వేసింది.

"అచ్చులో ఉంటే ధైర్యం" అన్న ఆమె మాటకి నాకు నవ్వు వచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే నేను బతికేదే ఆ అచ్చు మీద. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్లో ఇరవై ఏళ్ళుగా టైపు చేస్తున్నాను. పెళ్ళి పత్రికలు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, ఎప్పుడన్నా ఒక పుస్తకం. అచ్చు ఎట్లా పుడుతుందో దగ్గరగా చూసినదాన్ని. దాని మీద నాకు గౌరవం ఉంది కానీ భక్తి లేదు.

ఒకసారి రిటైరైన పెద్దాయన ఒకరు మూలికల పుస్తకం వేయించుకోవడానికి వచ్చారు. చేతిలో రాతప్రతి లేదు. నాలుగు పాత పుస్తకాలున్నాయి, వాటిలో అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి. "ఇందులో ఈ పేరా, అందులో ఆ పేరా కొట్టమ్మా" అన్నారు. అట్లా నూట ఇరవై పేజీల కొత్త పుస్తకం తయారైంది. ఆయన జీవితంలో ఒక్క మొక్కనైనా పీకి వాసన చూశారని నాకు నమ్మకం లేదు. సరే, ఆయన సంగతి అట్లా ఉంచితే, నేను చేసిన పని ఇంకా ఘోరం. ఏదో విరేచనాల గింజ గురించి టైపు చేస్తూ "చిటికెడు" అన్నచోట "చారెడు" అని కొట్టాను. ఆయన ప్రూఫు చదవకుండానే సంతకం పెట్టేశారు. ఇంటికొచ్చి అన్నంలో చారు పోసుకుంటుంటే ఆ మాట కళ్ళముందు కదిలింది. చెయ్యి కడుక్కుని ప్రెస్సుకి పరిగెత్తాను. ఇంకా యంత్రం ఎక్కలేదు కాబట్టి బతికిపోయాం, నేనూ, ఎవరో ఊరూ పేరూ తెలియని మలబద్ధకం మనిషీ.

అందుకే అక్కకి పుస్తకం తేవడమంటే నాకు చిన్న పని కాదు. నాకు తెలిసినంతలో దాన్ని గట్టిగానే చేశాను. పాత పుస్తకాల అంగళ్ళన్నీ తిరిగాను. గలిజేరు గురించి రాసిన పుస్తకాలు మూడు దొరికాయి. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నిజమేనని ఇంకొకరైతే తృప్తిపడేవాళ్ళు. నా కంటికి ముందు కనబడేవి తప్పులు. మొదటి పుస్తకంలో "పరగడుపున" అనడానికి "పరుగుడుపున" అని పడింది. రెండో పుస్తకంలోనూ పరుగుడుపున. మూడో దాంట్లోనూ అదే పరుగు. అంటే ముగ్గురు మనుషులు చూసి రాసిన సంగతి కాదది, ఒకడు రాస్తే ఇద్దరు ఎత్తి రాసుకున్నది. అంగడతను చూస్తుండగానే మూడింటినీ మూసి పక్కన పెట్టేశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

నాలుగో పుస్తకం కొత్త పుస్తకాల షాపులో దొరికింది. దళసరి అట్ట, నున్నటి కాగితం, ప్రతి మొక్కకీ రంగుల ఫొటో. ఆకు విడిగా, పువ్వు విడిగా, వేరు విడిగా. శాస్త్రీయ నామం ఉంది. చివర అకారాది పట్టిక ఉంది. ముందు నాకు బాగా తెలిసిన మొక్కలతో దాన్ని పరీక్షించాను. తుమ్మి, ఉత్తరేణి, నల్లేరు తీసి చూశాను, ఎక్కడా తేడా లేదు. అక్కడే నిలబడి ముప్పై పేజీలు చదివాను, ఒక్క అచ్చుతప్పు తగల్లేదు. ఇట్లాంటి పుస్తకం వేసినవాళ్ళు మనసు పెట్టి వేసినట్టే లెక్క అనుకున్నాను. గలిజేరు పేజీలో, మూత్రపిండాల వాపుకి రోజూ గుప్పెడు ఆకు ఉడికించి తినాలని ఉంది.

ఆదివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి వెళ్ళాను. అక్క చర్చి నుంచి వచ్చీరాగానే, ప్రార్థన చీర కూడా మార్చకుండా, ఇద్దరం పుస్తకం పట్టుకుని గట్టు మీదికి పోయాం. అక్కడ చూద్దును గదా, అక్క గలిజేరని చూపిస్తున్నది ఒక మొక్క కాదు, రెండు. "ఇది తెల్ల గలిజేరు, అది ఎర్ర గలిజేరు, రెండూ ఒకటేలే" అంటుంది. పక్క పొలంలో కలుపు తీస్తున్న అరవామె తలెత్తి చూసి, అందులో ఒకదాన్ని తమ అరవంలో మూక్కిరట్టై అంటారంది. పుస్తకం తెరిచి గట్టు మీద గొంతుక్కూర్చున్నాను. ఒకదాని పువ్వు కాడ లేకుండా ఆకు మొదట్లో అంటుకుని ఉంది, ఆకు కాస్త కండగా ఉంది. రెండోదానికి సన్నటి పొడుగు కాడల మీద ఆవగింజంత గులాబిరంగు పూలు. మొదటిది గలిజేరు. రెండోది అటికమామిడి. అక్క ఇన్నాళ్ళూ రెండింటినీ కలిపి ఒకే పేరుతో పిలుస్తోంది.

"చూసినావా, నేను రాకపోతే నువ్వు ఏది పడితే అది కోసి పెట్టేదానివి" అన్నాను.

"అందుకే గదా నిన్ను పిలిచింది" అంది అక్క.

ఇంటి అరుగు మీద కూర్చున్న బావ మా చేతుల్లోని ఆకు చూసి, "అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి నన్ను మేకను చేస్తుండారే" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో. అక్క ఆ ఆకుని రెండుసార్లు కడిగి, ఉప్పు లేకుండా ఉడికించి, చిన్న గిన్నెలో పెట్టి, ఆయన తినేదాకా ఎదురుగా నిలబడింది.

నెల్లూరు తిరిగొచ్చాక నా భయం ఇంకో రూపంలో మొదలైంది. అక్క రెండు మొక్కల్నీ మళ్ళీ కలిపేస్తే? రోజూ పొద్దున్నే ఫోన్ చేసి పువ్వుకి కాడ ఉందా లేదా అని అడిగేదాన్ని. ఫొటో తీసి పంపమనేదాన్ని. ఆ ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి, పక్కన ఎవరి పెళ్ళి పత్రికో సగంలో ఉండగా, ఆకు ఆకూ వెతికేదాన్ని. ఒకరోజు ఫొటోలో ఒక సన్నటి కాడ కనబడింది. ఆ గిన్నెడూ పారబొయ్యమన్నాను. అక్క విసుక్కుంది కానీ పారబోసింది. ఇంత జాగ్రత్తగా ఉన్నాం కదా, ఏమీ కాదులే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. రోజుకి నాలుగైదుసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది.

నెల తిరగక ముందే బావకి నీరసం మొదలైంది. కాళ్ళు బరువుగా ఉన్నాయని, మడి దాకా నడవలేకపోతున్నానని అన్నాడట. అక్క ఆ మాట ఏదో ఊరి సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "ఆకు పనిచేసేటప్పుడు ముందు అట్టనే ఉంటదంట" అని తనే సర్దిచెప్పింది. ఎవరన్నారని అడిగితే ఫోన్లో అంది. రక్తపరీక్షకి ఇంకా పదిహేను రోజులుంది. ముందే చేయించమని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. చెబితే అక్క హడలిపోతుందని అనుకున్నానే గానీ, హడలిపోయింది నేనేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ వారంలోనే ఒక బాటనీ లెక్చరరు మేడం ప్రశ్నపత్రం కొట్టించుకోవడానికి వచ్చారు. ఎన్నాళ్ళుగానో మా సెంటర్‌కి వచ్చే మనిషి. అక్క ఏదన్నా అడిగితే చూసి చెప్పడానికి నాకోసం కొనుక్కున్న రెండో ప్రతి నా బల్ల మీదే ఉండేది. మాటల్లో మాటగా, ఈ పుస్తకం ఎట్లా ఉంది మేడం అని ఆమె చేతిలో పెట్టాను. మెచ్చుకుంటారని నా ఆశ. ఆమె నిదానంగా పేజీలు తిప్పారు.

"బాగుండాదమ్మా. మొక్కని గుర్తుపట్టేదానికి మంచి పుస్తకమే" అన్నారు. తర్వాత పుస్తకం నా వైపు తోశారు. "ఇందులో 'వద్దు' అనే మాట ఎక్కడన్నా ఉంటే చూపించు."

నేను వెతికాను. ఇది వీళ్ళు వాడకూడదు, ఇంతకు మించి వాడకూడదు, ఈ జబ్బు ఉంటే ముట్టకూడదు. ఏదో ఒకటి ఉండకపోతుందా అని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పాను. రెండు వందల మొక్కలూ అందరికీ మంచే చేస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా పడిన అక్షరాల్లో తప్పులు పట్టిన నా కన్ను, అసలు పడని మాటని ఒక్కసారి కూడా వెతకలేదు. నాకు సిగ్గేసింది. దేనికి వాడుతున్నావని ఆమె అడిగితే, ఊరికే అని అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

మర్నాడు ఆమె వాళ్ళింట్లో ఉన్న ఒక పాత పుస్తకం తెచ్చి, చదివి ఇవ్వమన్నారు. ఫొటోలు లేవు, గీసిన బొమ్మలే. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. అట్ట ఊడిపోతే దారంతో కుట్టి ఉంది. అంగట్లో కనబడి ఉంటే నేను దాన్ని చేత్తో కూడా తాకేదాన్ని కాదు. ఆమె అటు మెట్లు దిగగానే గలిజేరు పేజీ తీశాను.

మొదటి వాక్యంలోనే, దీన్ని పల్లెల్లో ఆకుకూరగా వండుకు తింటారని రాసి ఉంది.

మిగతాది చదవడానికి నాకు కాసేపు పట్టింది. కింద ఊళ్ళ వారీగా పేర్లున్నాయి. అటికమామిడికీ దీనికీ తేడా చెప్పి, రెండింటినీ జనం ఒకే పేరుతో పిలుస్తారని కూడా చెప్పారు. ఆ తర్వాత ఎవరు తినకూడదో విడిగా ఒక పేరా ఉంది. మూత్రపిండాలు బలహీనపడిన వాళ్ళు, మిగతా ఆకుకూరల్లాగే, ఈ రెండింటినీ డాక్టరుని అడక్కుండా తినకూడదట. వీటిలో పొటాషియం ఎక్కువట, అది ఒంట్లోంచి బయటికి పోక గుండెకి చేటు చేస్తుందట.

ఈ రెండింటినీ అని ఉంది. నెల రోజులుగా నేను కాడలు లెక్కపెట్టింది ఏ రెండింటి మధ్యనో, ఆ రెండూ వద్దని ఉంది. నేను టైపు చేసి ఇచ్చిన కాగితంలో "ఆకుకూరలు వద్దు" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ కాగితం కిందే అక్క రోజూ గలిజేరు ఉడికిస్తోంది. తోటకూర ఆకుకూర. పాలకూర ఆకుకూర. గట్టు మీద దొరికేది మందాకు. అక్క అట్లా అనుకుందంటే సరే, నేనూ అట్లాగే అనుకున్నాను. మందుల పుస్తకంలో ఉంది కాబట్టి మందు అనుకున్నాను.

అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వరసగా చేస్తూనే ఉన్నాను. చివరికి బావ ఎత్తాడు.

"మీ అక్క గట్టు మీదికి పొయింది, ఆకు కోసేదానికి" అన్నాడు.

"బావా, ఇంక ఆ ఆకు తినొద్దు. అది ఆకుకూర బావా."

"ఆకుకూర కాకుంటే ఇంకేందనుకుంటివి?" అన్నాడాయన. గొంతులో బలం లేదు. "చిన్నప్పుడు మా అమ్మ పప్పులో ఏసేది గదా. మీరు సదువుకున్నోళ్ళు, పుస్తకం చూసి పెడతా ఉండారు. నేనేం చెప్పేది?"

ఆయనకి తెలుసు. ముందునుంచీ తెలుసు. ఆయన్ని అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజే బయల్దేరి రమ్మన్నాను. అక్క కారు మాట్లాడుకుని తీసుకొచ్చింది. రక్తం తీసిన గంటకే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పొటాషియం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉంది. గుండెకి తీగలు తగిలించారు. ఏం తిన్నాడని డాక్టరు గారు అడిగితే అక్క నేల చూపులు చూసింది. నేనే చెప్పాను. ఆయన కోప్పడతారని కాచుకుని నిలబడ్డాను. ఆయన కోప్పడలేదు. "ఆకుకూరలు వద్దని చెప్పినాం గదమ్మా" అని మాత్రం అన్నారు. ఇంకో వారం ఆగి వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నారు.

మూడో రోజుకి పొటాషియం దిగింది. బావ కాస్త లేచి కూర్చున్నాడు. అయితే మూత్రపిండాల పరీక్షలో అంకె మునుపటికంటే పెరిగింది. ఇది ఆకు వల్లేనా అని అడిగాను. జబ్బు తనంతట తనే ముదరొచ్చు, దీనివల్లనే అని ఖాయంగా చెప్పలేమన్నారు. చెప్పి ఉంటే బాగుండేది. కాదని చెప్పినా, అవునని చెప్పినా, ఏదో ఒకటి పట్టుకుని పడుకునేదాన్ని.

వరండాలో బల్ల మీద అక్క పక్కన కూర్చున్నాను. 

"నా చేతులారా పెట్టినాను మే" అంది అక్క.

"పుస్తకం ఇచ్చింది నేను గదా అక్కా."

ఆమె కాదనలేదు. నా మీద అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె నా వైపు తిరగను కూడా తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఎదురుగా మందుల కొట్టు ముందు నిలబడ్డ జనాన్ని చూస్తూ కూర్చుంది.

ఆదివారం డిశ్చార్జి చేశాక వాళ్ళిద్దరినీ మా ఇంటికి తీసుకొచ్చాను. బావకి పక్క వేసి, ఆ పుస్తకం ఎక్కడ పెట్టావని అక్కని అడిగాను. ఆ పేజీ చింపేద్దామని నా ఉద్దేశం. అక్క గ్లాసు కడుగుతున్నదల్లా ఆగిపోయింది.

"ఇంట్లో లేదు మే."

"మరి యాడుంది?"

"మా చర్చికి వచ్చే ఆమె ఒకామె తీసకపొయింది. ఆమె మొగుడికీ ఇదే జబ్బు. మా చెల్లెలు అచ్చాఫీసులో పనిచేస్తాది, అన్నీ చూసి ఏరి తెచ్చిన పుస్తకం అని నేనే చెప్పి ఇచ్చినా." గ్లాసు పక్కన పెట్టింది. "పోయిన ఆదివారం ముందు ఆదివారం."

ఫోన్ చేశాం. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాం. అక్క బావని వదిలి రాలేదు. నేను చెప్పులు వేసుకుని బయటపడ్డాను. రైలు లేదు, బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఆ నంబరు నొక్కుతూనే ఉన్నాను. పద్నాలుగు రోజులు. గుప్పెడు చొప్పున పద్నాలుగు గుప్పిళ్ళు. బావకి నీరసం ఎన్నో రోజున మొదలైందో గుర్తు చేసుకోవాలని చూశాను, గుర్తు రాలేదు. పక్కసీటు ఆమె, ఎవరికన్నా బాగాలేదా అమ్మా అని అడిగింది. అవునని తల ఊపి మళ్ళీ నంబరు నొక్కాను.

అక్క చెప్పిన గుర్తుల ప్రకారం చర్చి దాటి రెండో సందులో నీలం తలుపుల ఇల్లు. తలుపు తీసే ఉంది. నలభై ఏళ్ళావిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఫలానా వాళ్ళ చెల్లెలినని చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"మీరేనా అక్కా పుస్తకం ఇచ్చింది? రండి, కూర్చోండి. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే." కుర్చీ లాగి, దాని మీది బట్టలు తీసింది. "నాకు మొక్క గుర్తుపట్టేది రాక ఇన్నాళ్ళూ జంకినాను. రోజూ పుస్తకం పట్టుకుని గట్ల మీద తిరిగినాను. ఈ పొద్దే దొరికింది. పువ్వుకి కాడ లేదు, మీ అక్క చెప్పినట్టే చూసినాను. మా ఆయన అన్నానికి కూర్చున్నాడు, అదే పొయ్యి మీద ఉండాది."

నేను కూర్చోలేదు. చెప్పులతోనే ఆమెని దాటుకుని వంటింట్లోకి పోయి పొయ్యి ఆర్పేశాను.